మట్టం తప్పిన నీళ్ళు

మా మామగారు నేల మనిషి. పొగడ్తకు అనడం లేదు, వృత్తి చెబుతున్నాను. ఇళ్ళలో మొజాయిక్ గచ్చు పరిచి, సానరాయి పట్టి, మొహం చూసుకునేలా మెరుగు తెచ్చే మేస్త్రీ. అత్తయ్యకు అన్నగారు గోడ మనిషి; ఆయన కట్టిన గోడకు దారానికి కట్టిన గుండు వేలాడదీస్తే వెంట్రుకవాసి తేడా రాదని పేరు. మా ఆయన ఫ్యాన్లు బాగుచేస్తాడు కాబట్టి గాలి మనిషి. ఇలాంటి ఇంటికి కోడలిగా వచ్చి నేను చేసే ఉద్యోగం ఏమిటంటే, ఇళ్ళలో గాలిని కొలవడం. ఆ చలికాలం ఈ నాలుగు పనులూ మా ఇంటి కింది గదిలో ఒకదానికొకటి అడ్డంపడ్డాయి.

మా వీధి గుట్టవాలు మీద ఉంటుంది. గుట్టంతా రాయి. అలాంటి రాతిలోంచి రేడాన్ అనే వాయువు ఊరుతూ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. ఆరుబయట గాలిలో కలిస్తే దిక్కూదివాణం లేకుండా పోతుంది. ఇంట్లో దూరిందా, అందులోనూ చలికి తలుపులూ కిటికీలూ బిగించుకున్న ఇంట్లో, చుట్టంలా వచ్చి సొంతదారులా కూర్చుంటుంది. ఏళ్ళ తరబడి పీల్చినవాళ్ళకు ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ తెచ్చే గుణం దానిది. నేను అరచేయంత మీటరు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, అన్నిటికన్నా కింది గదిలో పెట్టి, నాలుగు రోజులాగి అంకె చూసి, మూడు వందలు దాటితే ఏం చేయాలో చెప్పి వచ్చేదాన్ని.

చెప్పడం వరకే నా వంతు. వినడం వాళ్ళ వంతు కదా, అక్కడే వచ్చింది చిక్కు.

"కనపడని దొంగకి తాళం వెయ్యమంటున్నావా అమ్మాయ్?" అనేవాడు వీధి మలుపులో ఇస్త్రీ కొట్టు బాబాయి. ఆయన ఇంట్లో అంకె ఐదు వందలు. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ముందు మీ ఇంట్లో పెట్టావా ఆ డబ్బా?"

పెట్టలేదు. వాడకట్టు క్రమంలో మా వంతు ఇంకా రాలేదు. కానీ వీధిలో ఒకసారి పుట్టిన మాట ఇస్త్రీ బట్టలతోపాటు ప్రతి గుమ్మానికీ చేరుతుంది. ఆ సాయంత్రమే మీటరు ఇంటికి తెచ్చాను.

మా కింది గది వాలులోకి సగం దిగి ఉంటుంది. వీధివైపు ఒకే ఒక కిటికీ. నడుమ కత్తిరింపు బల్ల, గోడ వార కుట్టుమిషను, దాని ముందు పీట. పొద్దున దిగితే అత్తయ్య దీపాలవేళకు గాని పైకి రాదు. వీధిలో సగం మంది ఒంటిమీద గుడ్డ ఆవిడ చేతి కుట్టే. ఆ గది నేలంటే మామగారికి ప్రాణం. పాలరాతి పలుకుల తెల్లగచ్చు మధ్యలో ఎర్రరాళ్ళ పువ్వు. రేకు రేకుకీ మధ్య సన్నటి గాజు పట్టీ. అత్తయ్య కొత్తగా మిషను కొనుక్కున్న ఏడాది, ఆవిడ పాదాల కింద ఉండాలని, ఎవరి సాయమూ లేకుండా ఒక్కరే పరిచారట.

మీటరు చూపించిన అంకె తొమ్మిది వందలు.

"ఏమంటుంది నీ డబ్బా?" అన్నారు మామగారు టీ గ్లాసు ఊదుకుంటూ.

"మూడొందలు దాటకూడదు మామయ్యా. తొమ్మిదొందలుంది. నేల కిందనుంచి వస్తోంది."

గ్లాసు కింద పెట్టారు. "నేల కిందనుంచా? నా నేలలోంచా?"

"ఏ నేలైనా..."

"ఏ నేలైనా కాదమ్మాయ్, నా నేల. దానిమీద పాదరసం పోస్తే పోసినచోటే ఉంటుంది. అటూ ఇటూ దొర్లదు, కిందికి దిగదు. కిందనుంచి పైకి ఎలా వస్తుంది?"

అత్తయ్య సూదిలో దారం ఎక్కిస్తూ నవ్వింది. "పెళ్ళిచూపులకొచ్చినోళ్ళలా ఆ డబ్బా పొద్దస్తమానం నన్నే చూస్తోందే అనుకున్నా. చివరికి పిల్ల నచ్చలేదంటావ్."

"పిల్ల నచ్చింది, గది నచ్చలేదు. కొన్నాళ్ళు మిషను పైన పెట్టుకోండత్తయ్యా."

"పైన ఎక్కడ? పొయ్యి మీదా? మీ మంచం మీదా? ఈ బల్ల మెట్లెక్కుతుందా? ఇన్నేళ్ళు పీల్చాను, ఏమైంది నాకు?"

"అయ్యాక తెలిసి లాభం లేదు. దీని గుణమే అది."

ఆవిడ దారం కొస పళ్ళతో కొరికి, చర్చ అక్కడే తెంపేసింది. పైకి రాదు. ఆయన నేల ముట్టుకోనివ్వరు. ఇక మిగిలింది నేను, మా ఆయన.

మా ఆయనకు ఈ లోకంలో ఫ్యానుతో తీరని కష్టం కనపడదు. వేడి చేస్తే ఫ్యాను, పొగ వస్తే ఫ్యాను, గోడ చెమ్మగిలితే ఫ్యాను. "గాలి చెడితే ఏం చేస్తారు? బయటికి నెడతారు. దీనికింత రాద్ధాంతం ఎందుకు?" అంటూ ఏదో కార్ఖానాలో తీసేసిన పెద్ద ఫ్యాను ఒకటి భుజాన వేసుకొచ్చాడు.

"ఆగండి. మీరు గదికి పెడుతున్నారు, రోగం గదిది కాదు."

"నువ్వు కొలిచే మనిషివి. గాలి సంగతి నాకు చెప్తావా?"

కిటికీ అద్దం తీసి దాన్ని బిగించి మీట నొక్కాడు. కాగితం నమూనాలన్నీ లేచి గుంపుగా కిటికీవైపు పరుగెత్తాయి. అత్తయ్య ఎగిరిపోతున్న జాకెట్టు చెయ్యి ఒకటి పట్టుకుని, "ఒరే, జనం బట్టలు వీధిలో ఆరేస్తావట్రా!" అని కేకేసింది. ఆ ఊపుకి మావాడి ఛాతీ ఉప్పొంగిపోయింది.

నాలుగు రోజుల తర్వాత అంకె పద్నాలుగు వందలు.

నాకు ఆశ్చర్యం కలగలేదు. చలికి అత్తయ్య మెట్ల తలుపు సందులన్నీ గుడ్డపీలికలు కుక్కి మూసేసింది. ఫ్యాను గదిలో గాలి లాగేస్తుంటే, ఆ లోటు పూడ్చే గాలి ఎక్కడో చోటునుంచి రావాలి కదా. పసిబిడ్డ పాలసీసా పీల్చినట్టు ఫ్యాను గదిని పీల్చింది, గది నేలను పీల్చింది. అగ్నికి ఆజ్యం పోయడమంటే అదే. మా ఆయన మాత్రం మీటరును తిప్పి తిప్పి చూసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "బ్యాటరీ ఏమైనా..." అన్నాడు.

"బ్యాటరీ బాగానే ఉంది."

"చూశావా?" అన్నారు మామగారు, ఎన్నికల్లో గెలిచినంత సంబరంగా. "ఫ్యాను పెడితే పెరుగుతుందట! గొడుగేస్తే తడుస్తామన్నట్టుంది. ఆ డబ్బా మాట పట్టుకుని వీధంతా భయపెడుతున్నావమ్మాయ్. నా నేల సంగతి నేనే తేలుస్తా. నీళ్ళు కడతా."

నీళ్ళు కట్టడం ఆయన వృత్తిలో పెద్ద పరీక్ష. నేల మీద చుట్టూ బంకమట్టి కట్ట వేసి, నీళ్ళు నింపి, మర్నాటిదాకా వదిలేస్తారు. మట్టం దిగితే నేల కారుతున్నట్టు, దిగకపోతే నేల గెలిచినట్టు. గుడ్డల తానులు పైకి మోయించారు, మిషను మెట్ల మీదికి చేర్చారు. అత్తయ్య సణుగుతూనే పైకి వచ్చింది. నా మాటకు ఎక్కని మెట్లు నీళ్ళకు ఎక్కింది, సంతోషం.

మర్నాడు మామగారు సాక్షిగా ఇస్త్రీ బాబాయిని పిలుచుకొచ్చారు. గది నిండా నీళ్ళు, నీళ్ళ అడుగున ఎర్రపువ్వు. అడుగుబద్ద దించి చూస్తే పెట్టిన గుర్తు దగ్గరే నిలిచి ఉంది మట్టం.

"బాబాయ్, చదువు గట్టిగా."

"ఒక్క గీత కూడా దిగలా. అమ్మాయ్, నీ కేసు కొట్టేశారు."

మెట్లమీద కూర్చుని నేనూ చూశాను. ఆ నేలను తప్పుపట్టడానికి ఏమీ లేదు, అద్దంలా నిలిపింది నీళ్ళని. కానీ నా చూపు నీళ్ళ మీద నిలవలేదు, కట్ట మీదికి పోయింది.

"నేల గెలిచింది మామయ్యా, ఒప్పుకుంటున్నా. కట్ట గోడకి జానెడు ఇవతల వేశారెందుకు?"

"గోడ తడవదూ? ఎక్కడైనా అంతే వేస్తాం."

"మరి ఆ జానెడు సంగతి?"

ఆయన మొహంలో రంగు మారింది. "అది నా పని కాదు. నా నేల గోడదాకా వెళ్ళి ఆగింది. అక్కడ సందుంటే గోడ కట్టినవాణ్ణి అడుగు."

ఇస్త్రీ బాబాయి నావైపు చూసి కళ్ళెగరేసి, పెట్టె వేడెక్కిపోతోందంటూ జారుకున్నాడు. గోడ కట్టినవాణ్ణి అడగడమంటే మా ఇంట్లో తేనెతుట్టె కదపడమే. అత్తయ్య అన్నగారు గోడ అడుగున వంకర వదిలారని ఈయన అంటారు. ఈయన నేలే మట్టం తప్పిందని ఆయన అంటారు. నేల వేసిన కొత్తల్లో మట్టం తేల్చుకుందామని, నీళ్ళు నింపిన గాజులాంటి గొట్టం చెరో కొస పట్టుకుని నిలబడి, నువ్వు నీ కొస ఎత్తావంటే నువ్వు నీ కొస దించావని తిట్టుకున్నారట. రెండువైపులా నీళ్ళు సమంగా నిలిచేదాకా కూడా ఆగలేదట. అప్పటినుంచి ఆయన మా గుమ్మం దాకా వస్తారు, చెల్లెల్ని పలకరిస్తారు, లోపలికి రారు. ఆ మట్టం గొట్టం కింది గదిలో మేకుకు చుట్టలా వేలాడుతూనే ఉంది.

నీళ్ళు తోడేసి, గది తుడిచి, మిషను మళ్ళీ దించాక, "అత్తయ్యా, ఒక నూలుదారం ఇవ్వండి" అన్నాను.

దారాన్ని నాలుగు పేటలు చేసి, కొస వెలిగించి, మంట ఊదేశాను. సన్నగా పొగ లేచింది.

"పొమ్మనలేక పొగబెడుతున్నావా పిల్లా?" అంది అత్తయ్య.

"చూస్తూ ఉండండి."

మా ఆయన్ని ఫ్యాను వేయమన్నాను. దారాన్ని నేలకు ఆనించి, మిషను వెనకాల గోడా నేలా కలిసే గీత వెంబడి జరుపుతూ వెళ్ళాను. నిటారుగా లేస్తున్న పొగ, ఆ గీత దగ్గరికి రాగానే ఎవరో ఊదినట్టు గదిలోకి వంగింది. ఇంకాస్త జరిపాను. మళ్ళీ వంగింది. గోడ పొడవునా అంతే. వంగిన పొగ సూటిగా పోయి తగులుతున్నది అత్తయ్య పీటకి.

అత్తయ్య చేతిలో కత్తెర బల్లమీద పెట్టింది. పొగ తన మోకాళ్ళ దగ్గర విడిపోవడం కాసేపు చూసింది. తర్వాత శాలువా కప్పుకుని, చెప్పులేసుకుని, బయటికి వెళ్ళింది.

తిరిగి వచ్చినప్పుడు వెనకాల అన్నగారున్నారు. గుమ్మం దగ్గర అలవాటుగా ఆగారు. అత్తయ్య ఆగలేదు, వెనక్కి తిరిగి చూడకుండా మెట్లు దిగింది. ఆయనకీ దిగక తప్పలేదు.

"నా గోడలో ఏదో ఉందంట?" అన్నారు గోడ మేస్త్రీ, మాట మా ఆయనకు వేసి చూపు మామగారి మీద పెట్టి.

"గోడలో ఏం లేదు మామయ్యా, గోడ కింద..." అని మా ఆయన నసిగాడు.

"గోడ కింద పునాది. దాన్ని కదిలించాలంటే గుట్ట కదలాలి."

"గుట్ట కదలక్కర్లేదు. నీ అడుగు వరస వంకర బావా. నా నేల తిన్నగా వచ్చింది, నీ గోడ దూరం జరిగింది" అన్నారు మామగారు.

"గోడ ముందు కట్టారా, నేల ముందు వేశారా? వెనక వచ్చినోడు ముందున్నదాన్ని బట్టి సర్దుకోవాలి బావా. అది మర్యాద."

"వంకరకు సర్దుకోవడం మా పనిలో లేదు!"

"నీ మట్టమే..."

"గోడ అన్నయ్యది" అంది అత్తయ్య. గొంతు పెంచలేదు. పీట ముందుకు లాక్కుని, ఆ గీతకు ఇంకా దగ్గరగా వేసుకుని కూర్చుంది. "నేల ఈయనది. సందు మాత్రం ఎవరిదీ కాదు. అయితే నాదే అన్నమాట. సరే, కుట్టుకోవాల్సినవి చాలా ఉన్నాయి." మిషను తొక్కడం మొదలుపెట్టింది.

గోడ మేస్త్రీ మెల్లగా మోకాళ్ళమీద కూర్చుని, మిషను వెనక సందు మీద అరచెయ్యి ఆనించారు. అలాగే ఉంచారు.

"చల్లగా తగుల్తోంది బావా" అన్నారు.

మామగారు ఒక క్షణం నిలబడి, ఆయనా కూర్చుని, ఆ చెయ్యి పక్కనే తన చెయ్యి పెట్టారు.

ఏం చేయాలో అప్పుడు చెప్పాను. అంచు పొడవునా సందు మూయాలి. అది సగమే. నేలకు ఒకచోట బెజ్జం కొట్టి, కింద మట్టి తోడి గుంట చేసి, అందులోంచి గొట్టం లేపి, కప్పు దాటించి వదలాలి. ఫ్యాను ఆ గొట్టం పైకొసన ఉండాలి. గదిలోకి రాకముందే, నేల కిందే దాన్ని పట్టుకుని లాగేయాలి.

"అంటే ఫ్యాను గదికి కాదు, నేలకి" అన్నాడు మా ఆయన.

"మొదటిరోజు చెప్పిందేమిటి మరి?"

"చెప్పావులే. ఫ్యాను చప్పుడులో వినపడలా."

బెజ్జం అనగానే మామగారు లేచి మెట్లదాకా వెళ్ళారు. పోయారనుకున్నాం. మెట్ల కింద పాత సంచీలోంచి ఉలి, సుత్తి, సుద్దముక్క తీసుకుని వచ్చారు.

"మూలన కొడదాం బావా, కనపడదు" అన్నారు గోడ మేస్త్రీ. మొదటిసారి ఆయన గొంతులో మెత్తదనం విన్నాను.

"వద్దు. అది ఒకే పలక. దెబ్బ పడితే బీట ఈ చివరినుంచి ఆ చివరిదాకా పాకుతుంది. పువ్వులో అయితే పట్టీ దగ్గర ఆగిపోతుంది." నన్ను చూసి, "గోడకి ఎంత ఎడం కావాలన్నావ్?" అన్నారు.

"ఆ రేకు చాలు మామయ్యా" అన్నాను, గోడవైపు చూస్తున్న ఎర్రరేకు చూపించి.

సుద్దతో గుండ్రం గీశారు. ఉలి ఆనించారు. మా ఆయన సుత్తి అందుకోబోతే మోచేత్తో నెట్టేశారు. మొదటి దెబ్బకి అత్తయ్య మిషను ఆగింది. తర్వాత దెబ్బలకి ఆవిడ తల ఎత్తలేదు గానీ, ఊడివచ్చిన ఎర్రరాళ్ళు ఒక్కొక్కటీ ఏరి, గుండీల డబ్బాలో వేసుకుంది.

మిగతాది పని. పనిలో పడ్డాక మగవాళ్ళ కోపాలు నిలవవు. మా ఆయన మట్టి తోడి, గొట్టం నిలబెట్టి, కప్పు మీద ఫ్యాను బిగించాడు. ఈసారి చిన్నది, వీధికి వినపడనిది. కిటికీకి మళ్ళీ అద్దం వచ్చింది. బావలిద్దరూ సందులు పూడ్చే, రబ్బరులా సాగే మందు డబ్బాలు చెరొకటి పట్టుకుని, తలుపు దగ్గర మొదలుపెట్టి చెరోవైపు అంచు మూసుకుంటూ పోయి, మిషను వెనక ఎదురుపడ్డారు. అక్కడ మిగిలిన వేలెడు సందు ఎవరు మూయాలని మళ్ళీ వాదన. అది మూసేలోగా నేను ఫ్యాను వేయించి, దారం వెలిగించి దగ్గర పెట్టాను. పొగ ఈసారి గదిలోకి రాలేదు. తలవంచుకుని సందులోకే దిగిపోయింది.

"అదీ!" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఎవరు మూశారో నేను చూడలేదు.

మీటరు అంకె యాభై దాటలేదు. మళ్ళీ పెట్టాను, అంతే. మా ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకోలేదు.

అత్తయ్యకు ఒక్క అనుమానం మిగిలింది. "ఫ్యాను ఎక్కడో కప్పుమీద ఉంది. చప్పుడు కూడా లేదు. ఆగిపోతే నాకెలా తెలుస్తుంది?"

"గొట్టానికి నీళ్ళ గుర్తు పెడతాం" అన్నాను. "సన్నటి గొట్టాన్ని ఉయ్యాలలా వంచి, నీళ్ళు పోసి, ఒక కొస పెద్ద గొట్టంలోకి గుచ్చి, ఒక కొస గదిలోకి వదిలేస్తే చాలు. లోపలి లాగుడుకి నీళ్ళు ఒకవైపు పైకి లేస్తాయి. రెండువైపులా సమంగా నిలిస్తే ఫ్యాను ఆగిపోయినట్టు."

మామగారు మేకు దగ్గరికి వెళ్ళి మట్టం గొట్టం దించారు. బావగారి వైపు చూశారు. ఆయన తలూపారు. అత్తయ్య కత్తెరతోనే మూరెడు ముక్క కోశారు. ఇస్త్రీ బాబాయి దగ్గర నీలిమందు తెచ్చి నీళ్ళకు రంగు కలిపారు.

మా ఆయన ఆపి ఉంచిన ఫ్యానుకు పైనుంచి మళ్ళీ మీట వేశాడు. నీలినీళ్ళు కదిలి, ఒకవైపు వేలెడు లేచి, ఒకవైపు వేలెడు దిగి నిలిచాయి. జీవితమంతా నీళ్ళను సమం చేసిన చెయ్యి కదా, మామగారి చెయ్యి దానంతటదే గొట్టం సరిచేయడానికి లేచింది.

గోడ మేస్త్రీ ఆ మణికట్టు పట్టుకున్నారు. "ఉండనీ బావా. తప్పితేనే మంచిదంట."

చలి వెనకబట్టేలోగా ఇస్త్రీ బాబాయి తానే వచ్చి అడిగాడు. తర్వాత పక్కిల్లు, ఆ పక్కిల్లు. నేను మీటరుతో వెళితే, నేల ఎక్కడ కొట్టాలో చూడటానికి మామగారు, అంచు చూడటానికి ఆయన బావగారు, కప్పు ఎక్కడానికి మా ఆయన. దారిపొడవునా మేస్త్రీలిద్దరికీ మాటల యుద్ధమే. వీధికి మా రాక అలా ముందే తెలిసిపోయేది.

అత్తయ్య ఎక్కడికీ కదల్లేదు. పీట అక్కడే, మిషను అక్కడే. విరిగిన రేకులోంచి లేచిన గొట్టానికి టేపు తగిలించుకుంటుంది, కత్తెర తగిలించుకుంటుంది. కానీ పొద్దున ఆవిడకంటే ముందు మామగారు దిగుతారు. ఆవిడ పై మెట్టు మీద నిలబడి అడుగుతుంది.

"నీళ్ళెలా ఉన్నాయి?"

"వంకరే" అంటారాయన కిందనుంచి. "దిగు."